మీ ప్రశ్న – మా జవాబు: జీపీఎస్ గాలిలో నీళ్లను ఎలా కొలుస్తుంది?

క్రితం సంచికలో ఇదే శీర్షికలో, దారి చూపించే ఉపగ్రహాల సిగ్నళ్లతో గాలిలో ఎంత నీటి ఆవిరి ఉందో కూడా కొలుస్తున్నారని రెండు వాక్యాలు రాసి వదిలేశాను. ఆ రెండు వాక్యాల మీదే బోలెడు ఉత్తరాలొచ్చాయి. కొందరు నమ్మలేదు, కొందరు ఎలాగో వివరంగా చెప్పమన్నారు, ఒకరైతే గట్టిగానే నిలదీశారు. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: జీపీఎస్ పని మనం ఎక్కడున్నామో చెప్పడం కదా. గాలిలో తేమ సంగతి దానికెలా తెలుస్తుంది? ఉపగ్రహంలో తేమ కొలిచే పరికరం ఏదైనా పెట్టారా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఏ పరికరమూ పెట్టలేదమ్మా. ఉపగ్రహం చేసేదల్లా "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత" అని ఆపకుండా చెబుతూ ఉండటమే. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కింద ఉన్న రిసీవర్, ఆ సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దాన్ని కాంతి వేగంతో హెచ్చవేసి దూరం కడుతుంది. చిక్కంతా ఆ వేగం దగ్గరే ఉంది. శూన్యంలో ఉన్న వేగం గాలిలో ఉండదు. నేల దగ్గరి గాలిలో సిగ్నల్ వేగం పదివేలలో మూడు వంతులు తగ్గుతుంది. ఇదేం లెక్కలే అనిపిస్తుంది గానీ, మన నెత్తి మీద ఉన్న గాలి మొత్తాన్నీ నేల దగ్గర ఉన్నంత చిక్కగా పేర్చామనుకుంటే ఆ పొర మందం సుమారు 8 కిలోమీటర్లు ఉంటుంది. 8,000 మీటర్లను 0.0003తో హెచ్చవేసి చూడండి, 2.4 మీటర్లు వస్తుంది. అంటే నడినెత్తిన ఉన్న ఉపగ్రహం కూడా అసలు దూరం కంటే సుమారు 2.4 మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్నట్టు రిసీవర్‌కి తోస్తుంది. దిగంతానికి 5 డిగ్రీల ఎత్తులో ఉన్నదైతే ఏటవాలుగా చాలా గాలి దాటుకుని రావాలి, అప్పుడు తేడా దాదాపు పది రెట్లు.

ఇందులో దాదాపు 2.3 మీటర్లు గాలి బరువు వల్ల వచ్చేదే. దాన్ని తీసేయడం సులువు, ఎందుకంటే నెత్తి మీద ఎంత గాలి ఉందో కింద పెట్టిన బారోమీటర్ చెప్పేస్తుంది. ఆ వాటా తీసేశాక మిగిలేది నీటి ఆవిరి వల్ల కలిగిన ఆలస్యం. చలిగా, పొడిగా ఉన్న చోట అది దాదాపు ఏమీ ఉండదు, బాగా ఉక్కగా ఉన్న చోట 40 సెంటీమీటర్ల దాకా పోతుంది. గాలిలో అంత తక్కువగా ఉండే ఆవిరి సిగ్నల్‌ని ఇంతలా ఎలా నిలబెట్టేస్తుందంటే, నీటి అణువులో ఒక కొస కాస్త ధనావేశంతో, ఇంకో కొస కాస్త రుణావేశంతో ఉంటాయి. నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో ఆ తేడా లేదు. అందుకే అణువుకి అణువు పోల్చి చూస్తే రేడియో తరంగం మీద నీటి ప్రభావమే చాలా ఎక్కువ. ఈ తడి ఆలస్యం ప్రతి 6.5 మిల్లీమీటర్లకీ సుమారు 1 మిల్లీమీటరు నీరు ఉన్నట్టు లెక్క. నీరు అంటే, ఆ చోట నేల నుంచి పైదాకా ఉన్న ఆవిరినంతా కిందికి దించి ద్రవంగా మారిస్తే ఎంత లోతు నిలుస్తుందో అంత. తడి ఆలస్యం 20 సెంటీమీటర్లు వచ్చిందంటే నెత్తి మీద 30 మిల్లీమీటర్ల పైచిలుకు నీరు ఉందన్నమాట. కచ్చితంగా కావాలంటే ఆ గాలి పొర సగటు ఉష్ణోగ్రత కూడా తెలియాలి, అది నేల దగ్గరి ఉష్ణోగ్రత నుంచో, వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్క కట్టే వాతావరణ మోడల్ నుంచో తీసుకుంటారు.

మరి ఇంకా పైన విద్యుదావేశ కణాలతో ఉన్న పొర, అయనావరణం కూడా సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది కదా అని మీకు సందేహం రావచ్చు. చేస్తుంది, పైగా చాలా ఎక్కువగా చేస్తుంది. కాకపోతే అది ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కోలా ఆలస్యం చేస్తుంది. జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ మీదా 1227.60 మెగాహెర్ట్జ్ మీదా సిగ్నళ్లు పంపుతుంది కాబట్టి, రెంటి మధ్య తేడా చూసి అయనావరణం వాటా దాదాపు మొత్తం తీసేయొచ్చు. నీటి ఆవిరి రెంటినీ ఒకేలా ఆలస్యం చేస్తుంది, అందుకని ఈ కిటుకుతో అది పోదు. అది పోకపోవడం మొదట్లో భూమి కొలతల వాళ్లకి పెద్ద తలనొప్పి. భూఫలకాలు ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతున్నాయో చూద్దామని నేల మీద కదలకుండా బిగించిన జీపీఎస్ రిసీవర్లతో స్టేషన్లు పెట్టుకున్నవాళ్లు, స్థానంతో, గడియారం తేడాతో పాటు ఈ ఆలస్యాన్ని కూడా తెలియని రాశిగా పెట్టి సమీకరణాలు సాధించి, చివర్లో దాన్ని పక్కన పడేసేవారు. శాస్త్రవేత్త మైఖేల్ బెవిస్, ఆయన సహచరులు 1992లో ఒక పరిశోధన పత్రంలో ఆ పక్కన పడేసే అంకె నుంచి ఆవిరిని ఎలా రాబట్టాలో లెక్కలతో సహా చూపించారు. ఈ రంగం అక్కడి నుంచి ఊపందుకుంది.

ప్రశ్న: మబ్బు పట్టినా, వాన పడుతున్నా నా ఫోన్‌లో మ్యాప్ నన్ను పక్క వీధిలో చూపిస్తోంది. ఆ ఆవిరి వల్లేనా?

జవాబు: కాదు. ఆవిరి వల్ల వచ్చే తేడా సెంటీమీటర్లలో ఉంటుంది, మబ్బుల్లోని నీటి బొట్ల వల్ల వచ్చేది అంతకంటే చాలా తక్కువ. ఫోన్ తప్పేది మీటర్లలో. చుట్టుపక్కల భవనాల గోడలకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్‌ని నేరుగా వచ్చిందనుకోవడం వల్లే ఎక్కువగా ఇలా జరుగుతుంది.

ప్రశ్న: తేమ కొలవడానికి బెలూన్లున్నాయి, వాతావరణ ఉపగ్రహాలున్నాయి. ఇది కొత్తగా ఎందుకు?

జవాబు: బెలూన్ మంచి పరికరమే, ఏ ఎత్తులో ఎంత తేమ ఉందో మెట్టుమెట్టుగా చెబుతుంది. కానీ మామూలుగా రోజుకి రెండుసార్లే ఎగరేస్తారు. పన్నెండు గంటల్లో గాలిలో తేమ ఎటు నుంచి ఎటైనా మారిపోతుంది, ఒక ఉరుముల వాన పుట్టి, కురిసి, చచ్చిపోవడానికి అందులో పావు వంతు చాలు. ఉపగ్రహాల సంగతికొస్తే, పరారుణ కిరణాలతో చూసేవాటికి మబ్బు అడ్డు, మైక్రోవేవ్‌తో చూసేవి సముద్రం మీద బాగా పనిచేస్తాయి గానీ నేల మీదికొచ్చేసరికి నేల నుంచే రకరకాలుగా వచ్చే మైక్రోవేవ్‌లలో ఆవిరి జాడ కలిసిపోతుంది. జీపీఎస్ స్టేషన్‌కి మబ్బు, వాన, చీకటి ఏవీ అడ్డు కావు. అయిదు నిమిషాలకోసారి కూడా అంకె ఇవ్వగలదు. దాని లోటేమిటంటే మొత్తం ఎంతో చెబుతుంది గానీ ఏ ఎత్తులో ఎంతో చెప్పలేదు. అందుకే బెలూన్లు మానేయమని ఎవరూ అనరు, నేనూ అనను.

ప్రశ్న: అయితే వాన ఎప్పుడు పడుతుందో దీంతో చెప్పేయొచ్చా?

జవాబు: దీనితోనే చెప్పలేం. ఆవిరి ఉన్నంత మాత్రాన వాన రాదు, దాన్ని పైకి లేపేది ఏదైనా ఉండాలి. చాలాసార్లు పెద్ద వానకి ముందు స్టేషన్ చూపించే ఆవిరి గ్రాఫు ఎగబాకుతుంది, కానీ ఎగబాకిన ప్రతిసారీ వాన పడదు. గ్రాఫు చూసి వాన ఖాయమని చెప్పేవాళ్లని నమ్మొద్దు.

అసలు ఉపయోగం ఈ అంకెల్ని వాతావరణ మోడల్‌లోకి ఎక్కించడంలో ఉంది. మోడల్ ఎంత గొప్పదైనా, ఈ క్షణం గాలిలో ఎక్కడెంత ఆవిరి ఉందో తప్పుగా మొదలుపెడితే వాన తప్పు చోట పడుతుందంటుంది. యూరప్‌లో జాతీయ వాతావరణ సంస్థలు కలిసి ఇందుకోసమే ఈ-జీవాప్ అనే కార్యక్రమాన్ని 2005లో మొదలుపెట్టాయి. జపాన్‌లో భూకంపాల కోసం, నేల కదలికల కోసం దేశమంతా వేసిన సుమారు 1,300 స్టేషన్ల వల ఉంది, జియోనెట్ అంటారు. అక్కడి వాతావరణ సంస్థ ఆ స్టేషన్ల ఆవిరి లెక్కల్ని 2009 నుంచి వాన అంచనా మోడల్‌లో వాడుతోంది. నేల కోసం వేసిన వల గాలికి కూడా పనికొచ్చింది. స్టేషన్లకి కొత్తగా పెట్టిన ఖర్చు పెద్దగా లేదు, కావలసిందల్లా లెక్క కట్టే కంప్యూటర్లు, ఆ అంకె గంటలోపో గంటన్నరలోపో మోడల్‌కి చేరే ఏర్పాటు.

ప్రశ్న: గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువుల్లో నీటి ఆవిరే పెద్దదని మీరే రాశారు. మరి అందరూ కార్బన్ డయాక్సైడ్‌నే ఎందుకు తిడతారు? నీటి ఆవిరిని తగ్గించే మార్గం చూడరేం?
– ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న, చాలామందికి ఉన్న అనుమానం కూడా. సహజంగా భూమిని వెచ్చగా ఉంచుతున్న వాయువుల్లో పెద్ద వాటా నీటి ఆవిరిదే. కానీ గాలిలోకి వెళ్లిన ఆవిరి సగటున ఎనిమిది, పది రోజుల్లో వానగానో మంచుగానో దిగిపోతుంది. మనం అదనంగా ఎంత ఆవిరి వదిలినా అది నిలవదు. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, గాలిలో చేరిన దాంట్లో మంచి వాటా వందల ఏళ్లు ఉంటుంది. గాలి ఎంత ఆవిరిని మోయగలదన్నది గాలి వేడిని బట్టి ఉంటుంది, ఒక డిగ్రీ పెరిగితే సుమారు 7 శాతం ఎక్కువ మోయగలదు. కాబట్టి ముందు కార్బన్ డయాక్సైడ్ గాలిని కాస్త వేడెక్కిస్తుంది, వేడెక్కిన గాలిలో ఆవిరి ఎక్కువ నిలుస్తుంది, ఆ ఆవిరి ఇంకాస్త వేడిని పట్టి ఉంచుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే ఉంటే వచ్చే వేడిని ఆవిరి దాదాపు రెట్టింపు చేస్తుందని అంచనా. మొదలుపెట్టేది అది, పెద్దది చేసేది ఇది. ఆవిరిని తగ్గించాలంటే గాలిని చల్లబరచడం తప్ప వేరే దారి లేదు, మళ్లీ మొదటికే వస్తాం.

అందుకే ఆవిరి నిజంగా ఆ 7 శాతం లెక్క ప్రకారమే పెరుగుతోందా, ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది కొలిచి తీరాలి. సముద్రాల మీద ఇంచుమించు ఆ లెక్కకి దగ్గరగా ఉంటుంది. నేల మీద, ముఖ్యంగా పొడి ప్రాంతాల్లో, ఆవిరి కావడానికి అసలు నీళ్లుండాలి కదా, అందుకని లెక్క అంత సులువుగా కుదరదు. నేల మీద ఉన్న జీపీఎస్ స్టేషన్లు పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

ప్రశ్న: భూమి మీద మూడొంతుల దాకా సముద్రమే. అక్కడ స్టేషన్లు ఎలా పెడతారు?

జవాబు: పెట్టరు, రిసీవర్‌నే ఆకాశంలోకి పంపుతారు. సాయంత్రం సూర్యుడు నిజానికి దిగంతం కిందికి వెళ్లిపోయాక కూడా కాసేపు కనిపిస్తూనే ఉంటాడు, గాలి కాంతిని వంచడం వల్ల. అలాగే కింది కక్ష్యలో, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే చిన్న ఉపగ్రహం ఒకటి, దూరాన ఉన్న జీపీఎస్ ఉపగ్రహం భూమి చాటుకి అస్తమిస్తుంటే చూస్తూ ఉంటుంది. సిగ్నల్ మొదట పై గాలిని తాకుతుంది, తర్వాత ఒక్కో పొరా దిగుతూ కింది చిక్కటి గాలిలోంచి వస్తుంది, అంతకంతకూ వంగుతుంది. నేల దగ్గర ఆ వంపు ఒక డిగ్రీ వరకూ ఉంటుంది. ఎంత వంగిందో ఫ్రీక్వెన్సీలో వచ్చే చిన్న మార్పు నుంచి కడతారు. నిమిషం, రెండు నిమిషాల్లో ఆ చోట గాలి నిలువు చిత్రం వచ్చేస్తుంది. స్టేషన్‌కి లేనిదేదో అది ఇక్కడ దొరికింది: ఏ ఎత్తులో ఏముందో తెలుస్తుంది.

ఈ ఆలోచన మొదట భూమి కోసం పుట్టింది కాదు. 1965లో మారినర్ 4 అంగారకుడి చాటుకి వెళుతున్నప్పుడు దాని రేడియో సిగ్నల్ ఎలా మారిందో చూసి, అక్కడి గాలి ఎంత పలచనో తేల్చారు. జీపీఎస్ సిగ్నళ్లతో భూమి మీద దీన్ని పరీక్షించింది 1995లో, మైక్రోల్యాబ్-1 అనే చిన్న ఉపగ్రహం మీద. 2006లో తైవాన్, అమెరికా కలిసి కాస్మిక్ పేరుతో ఆరు ఉపగ్రహాలు పంపాయి, 2019 జూన్‌లో కాస్మిక్-2 పేరుతో మరో ఆరు, ఇవి ముఖ్యంగా ఉష్ణమండలం మీద చూసేవి. ఒక ఇబ్బంది ఉంది. వంపు ఒక్కటే చూస్తే అది వేడి వల్ల వచ్చిందా, ఆవిరి వల్ల వచ్చిందా తేలదు. ఎత్తులో ఆవిరి దాదాపు ఉండదు కాబట్టి అక్కడ ఉష్ణోగ్రత శుభ్రంగా వస్తుంది, కింద మాత్రం రెంటినీ విడదీయడానికి మోడల్ సాయం కావాలి.

నాకు దీనిలో బాగా నచ్చే సంగతి, ఇది చివరికి కాలాన్నే కొలుస్తుంది, ఆ కాలాన్ని అణు గడియారాలు చూసుకుంటాయి. ఉష్ణోగ్రత కొలిచే ఉపగ్రహ పరికరాల అంకెలు ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా పక్కకి జారిపోతుంటాయి, ఈ పద్ధతిలో ఆ బెడద చాలా తక్కువ. పదేళ్ల తేడాతో వెళ్లిన రెండు ఉపగ్రహాల కొలతల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ప్రశ్న: జీపీఎస్ స్టేషన్ ఇచ్చే ఆవిరి లెక్కలో 1 నుంచి 2 మిల్లీమీటర్ల తప్పు ఉండొచ్చని చదివాను. ప్రపంచ సగటే 25 మిల్లీమీటర్లు. వాతావరణ మార్పు వల్ల పెరిగేది దానికంటే తక్కువే ఉంటుంది కదా. ఇలాంటి కొలతతో క్లైమేట్ గురించి మాట్లాడటం జనాన్ని మోసం చేయడం కాదా?

జవాబు: నిలదీసినవారు వీరే, వీరికి నా ధన్యవాదాలు, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది. మీ అంకెలు సరైనవే. ఇంకాస్త ముందుకెళ్లి లెక్క వేద్దాం. దశాబ్దానికి భూమి సుమారు 0.2 డిగ్రీలు వేడెక్కుతోందనుకుంటే, డిగ్రీకి 7 శాతం చొప్పున, 25 మిల్లీమీటర్ల మీద పెరిగేది 0.35 మిల్లీమీటర్లు. పదేళ్లకి! మీరు చెప్పిన తప్పులో మూడో వంతో, ఆరో వంతో.

అయితే తప్పుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, ఈ గంట కొంచెం ఎక్కువ, వచ్చే గంట కొంచెం తక్కువ చూపించే తప్పు. రోజుకి వందల కొలతలు, ఏళ్ల తరబడి సగటు తీసేకొద్దీ ఇది కరిగిపోతుంది. దీనికి భయపడక్కర్లేదు. రెండోది, ఒక రోజు నుంచి మొదలై ఎప్పటికీ ఒకే వైపుకి లాగే తప్పు. సగటు తీస్తే ఇది పోదు, ఎన్నేళ్లు తీసినా పోదు. ఆ 0.35 మిల్లీమీటర్ల నీటిని సిగ్నల్ ఆలస్యంగా మారిస్తే 2.3 మిల్లీమీటర్లవుతుంది. బారోమీటర్ గాలి పీడనాన్ని 1 హెక్టోపాస్కల్ తప్పుగా చూపిస్తే లెక్కలో వచ్చే తేడా కూడా సరిగ్గా 2.3 మిల్లీమీటర్లే! అంటే స్టేషన్ పక్కనున్న బారోమీటర్ పదేళ్లలో ఎవరూ చూడకుండా ఒక్క హెక్టోపాస్కల్ జారితే చాలు, పదేళ్ల వాతావరణ మార్పు అంతా ఉన్నట్టు కనిపించొచ్చు, లేదా ఉన్నది కాస్తా కనపడకుండా పోవచ్చు. యాంటెన్నా పాడైందని వేరే రకం యాంటెన్నా బిగించినా, దాని మీద గోపురంలాంటి మూత మార్చినా, పక్కన చెట్టు ఎదిగి కిందివైపు నుంచి వచ్చే ఉపగ్రహాల సిగ్నళ్లకి అడ్డొచ్చినా, ఇలాంటి మెట్టు ఒకటి గ్రాఫులో వచ్చి కూర్చుంటుంది.

అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ సేవ (జీపీఎస్‌లాంటి దారి చూపించే ఉపగ్రహ వ్యవస్థలన్నిటినీ కలిపి జీఎన్ఎస్ఎస్ అంటారు), పొట్టిగా ఐజీఎస్, 1994 నుంచి ప్రపంచమంతా ఉన్న స్టేషన్ల డేటా దాస్తోంది. 2006 నవంబరులో వాళ్లు యాంటెన్నాల లెక్క కట్టే పద్ధతి మార్చారు. కొత్త పద్ధతి మెరుగైనదే, కానీ పాతది పాతలా, కొత్తది కొత్తలా వదిలేస్తే ఆ తేదీ దగ్గర ఆవిరి ఒక్కసారిగా మారినట్టు కనిపించేది. అందుకని దాచి ఉంచిన ముడి సిగ్నళ్లని మొదటి నుంచి ఒకే పద్ధతిలో మళ్లీ లెక్కించారు. అలా ఇప్పటికి మూడుసార్లు మొత్తం తిరగదోడారు. ముడి డేటా దాచి ఉండబట్టే అది సాధ్యమైంది. నేను మోసం అనని కారణం ఇదే: పని చేసేవాళ్లకి ఈ తప్పులు తెలుసు, తేదీ తేదీకీ వెతుకుతారు, బెలూన్‌తో, మైక్రోవేవ్ పరికరాలతో, పక్క స్టేషన్‌తో పోల్చి సరిచేస్తారు. ఒక స్టేషన్ ఒక దశాబ్దం గ్రాఫు చూపించి ఆవిరి పెరిగిందనో తగ్గిందనో ఎవరైనా తేల్చేస్తే మాత్రం మీలాగే నేనూ నమ్మను.

నన్నడిగితే కొత్త స్టేషన్లు వంద పెట్టడం కంటే, ముప్పై ఏళ్లుగా కదలకుండా ఉన్న పాత స్టేషన్లు పదింటిని కాపాడటం క్లైమేట్‌కి ఎక్కువ మేలు. వాటిలో చాలావాటిని ఆవిరి కోసం పెట్టలేదు, నేల కదలికల కోసం పెట్టారు, వాళ్లకి పరికరం మార్చడం మామూలు పని. మార్చక తప్పనప్పుడు పాత యాంటెన్నానీ కొత్తదాన్నీ కొన్ని నెలలు పక్కపక్కన నడపాలి, ఏ రోజు ఏం మార్చారో రాసి ఉంచాలి, బారోమీటర్‌ని ఏటా సరిచూడాలి. పక్కన పెరిగిన చెట్టు గురించి కూడా రాయాలి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది. నా ఫోన్‌తో ఆవిరి కొలిచే ప్రాజెక్టు చేయొచ్చా?

జవాబు: ప్రయత్నించొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లు 2016 నుంచి ముడి సిగ్నల్ కొలతల్ని బయటికి ఇస్తున్నాయి, 2018 నుంచి రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే ఫోన్లూ వచ్చాయి. కానీ ఫోన్ యాంటెన్నా చాలా చిన్నది, అటూ ఇటూ తగిలి వచ్చిన సిగ్నళ్లని వడకట్టలేదు. మిల్లీమీటర్ల ఆలస్యం దాన్నుంచి రాబట్టడం ఇంకా పరిశోధకులకే కష్టంగా ఉంది. ప్రాజెక్టు గడువు దగ్గర పడ్డాక టెన్షన్ పడతారు.

నా సలహా వేరు. ఐజీఎస్ స్టేషన్ల డేటా రైనెక్స్ అనే ఫార్మాట్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఆర్‌టీకేలిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి ఆలస్యం లెక్క కడుతుంది. బెలూన్ ఎగరేసే చోటికి దగ్గరగా, ఇంచుమించు అదే ఎత్తులో ఉన్న స్టేషన్ ఒకటి ఎంచుకోండి. ఎత్తు తేడా ఉంటే ముందు పీడనాన్ని సరిచేసుకోవాలి, మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది అక్కడే. ఒక ఏడాది ఆవిరి కట్టి, బెలూన్ అంకెలతో కలిపి ఒకే గ్రాఫు మీద గీయండి. తర్వాత ఆ స్టేషన్ లాగ్ ఫైలు తెరిచి ఆ ఏడాదిలో ఏ పరికరం ఎప్పుడు మార్చారో చూడండి. రెండు గీతలూ ఏ తేదీ దగ్గర విడిపోయాయో నాకు రాస్తే వచ్చే సంచికల్లో దాని గురించి మాట్లాడుకుందాం.